ప్లేటు కింద పిండి డబ్బా

మా సింధుకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో ఉండవు. నడుం బాగా ఒరిగిపోవడంతో పోయినేడు వెన్నుకు ఆపరేషన్ చేయించాం. ఉప్పుగూడలో మా ఇంటికి వచ్చాక, చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చున్న పిల్లను చూసి వాడకట్టంతా సంబరపడింది.

ఆ పూట బల్ల మీద పప్పన్నం పెట్టాను. ఇదివరకు ప్లేటు మీదికి వంగి, చెంచాతో తనే తినేది. ఇప్పుడు రాడ్లు వేసిన వెన్ను వంగలేదు. చెంచా నోటిదాకా వచ్చేలోపే అన్నమంతా ఒళ్లో పడింది. తనకు వచ్చిన ఒక్క పనీ పోగొట్టామా అనుకున్నాను. ఏడుస్తూ ముద్ద కలిపి నోటికందించాను.

మూతి తిప్పేసుకుంది. "ఏడుస్తవేందమ్మా? గా పిండి డబ్బా తెచ్చి ప్లేటు కింద పెట్టు" అంది.

పెట్టాను. ప్లేటు గదవ దాకా లేచి నోటికి దగ్గరైంది. కడుపునిండా తనే తింది.

వెన్ను నిలబెట్టింది డాక్టర్లే. తినే దారి మాత్రం నా బిడ్డే వెతుక్కుంది. మా ఇంట్లో పిండి ఇప్పటికీ సంచిలోనే ఉంటుంది. డబ్బా సింధుది.