ఇస్త్రీ చేసిన చేతులు

ఆ కొట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టేది కాబట్టి అందరికీ కాజాలక్క. కొట్టు బావగారిది, అంటే భర్త అన్నగారిది. ఆయన కత్తెర పడతాడు, భర్త మిషను తొక్కుతాడు, ఈమె కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు తీసి, బొత్తాలు కుట్టి, చివర్న ఇస్త్రీ చేస్తుంది. ఆమె చేతి కాజాకి తిరుగులేదని గిరాకీలు చెప్పుకునేవారు. అలాంటిది ఇప్పుడు పొద్దున పూట ఆ వేళ్లకు సూది చిక్కదు.

నిద్ర లేచేసరికి పిడికిలి ముడుచుకోదు. కుళాయిని రెండు అరచేతుల మధ్య ఇరికించి తిప్పాలి. జాకెట్టు హుక్కులు కూతురు పెట్టాలి. ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుని పెడుతుంటే కాజాలక్కకు తన ఒంటి మీద తనకే రోత పుట్టేది. మధ్యాహ్నానికి వేళ్లు కాస్త వదులై పనికి కూర్చునేది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస," అన్నాడు బావగారు. "పొద్దున నొప్పి, మధ్యాహ్నం మాయం! రోగం కూడా టైం చూసుకుని వస్తుందా అమ్మాయ్?"

ఈయనగారు మాత్రం రెండు తుమ్ములొస్తే కొట్టు మూసి దుప్పటి కప్పుకుంటాడు. భర్త తల వంచుకుని మిషను ఇంకాస్త గట్టిగా తొక్కాడు, చప్పుడులో ఏమీ వినపడనట్టు. నోట్లో నాలుక లేని మనిషి అని సరిపెట్టుకుందామన్నా ఆమెకు ఆ పూట చేత కాలేదు.

సాయంత్రం పని అయ్యాక కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేది. ఆ ఆసుపత్రిలో ఇంత దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు, బల్ల కింద ఎవరిదో రక్తం అంటిన దూది, పెన్ను మూతతో చెవి గెలుక్కుంటూ పేర్లు పిలిచే గుమాస్తా. ఆ మూత మళ్లీ పెన్నుకే పెట్టి, ఆ పెన్నే ఆమెకిచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి పట్టుకుంది.

రక్తం తీశారు. కీళ్లవాతం లేదని ఒక పరీక్ష, అటూ ఇటూ తేల్చలేమని ఇంకో పరీక్ష, వాపు కొంచెం ఎక్కువని మరో పరీక్ష చెప్పాయి.

"కొంచెం ఎక్కువంటే ఉన్నట్టా లేనట్టాండీ? పొద్దున పూట పిడికిలే పట్టదు."

"జలుబు చేసినా అది పెరుగుతుందమ్మా," అంది డాక్టరమ్మ కాగితంలోంచి తల ఎత్తకుండా. ఆనక వేళ్లు పట్టుకు చూసింది. "చేతులు బాగానే ఉన్నాయిగా. కీళ్లవాతమని తేలకుండా గట్టి మందులు మొదలుపెట్టలేను. తేలితే మాత్రం ఆలస్యం పనికిరాదు. వేళ్లు వంకర పోయాయంటే మళ్లీ తిన్నగా రావు."

అంటే వంకర పోతేనేగాని నమ్మరు, వంకర పోయాక మందు పనికిరాదు. ఇల్లు కాలాక బావి తవ్వడం అంటే ఇదే. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఇదే పాట. ఆమెకు డాక్టర్ల మీద, ఆ రక్తం మీద, పొద్దున్నే చచ్చుబడి సాయంత్రానికి నంగనాచిలా కూర్చునే తన వేళ్ల మీద ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు ఒక గిరాకీ కొత్త చొక్కా తెచ్చి బల్ల మీద కొట్టాడు. "కొట్లో చూసినప్పుడు అద్దంలా ఉంది. ఒక్క ఉతుక్కే కుట్టంతా ముడతలు తేలింది. ఇస్త్రీ పెట్టి నా కళ్లు కప్పారు!"

బావగారు దారాన్ని తిట్టాడు, నీళ్లను తిట్టాడు, ఆఖరికి సబ్బును తిట్టాడు. కాజాలక్క మాత్రం చేతిలో ఇస్త్రీ పెట్టెతో అలాగే నిలబడిపోయింది. నలిగిన బట్ట గిరాకీ కంట పడకూడదన్నది ఆ కొట్టు మర్యాద. ఆ మర్యాద ఆమెకు ఎంత ఒంటబట్టిందంటే, డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరే ముందు నొప్పి బిళ్ల మింగి, వేడి ఇస్త్రీ పెట్టెకి తడిగుడ్డ తాకించి చేతులకు కాపడం పెట్టుకుని, ఒక్కో వేలూ సాగదీసుకుని మరీ వెళ్లేది. అంత పెద్ద డాక్టరమ్మ ముందు చేతులు కొయ్యల్లా పెట్టుకు కూర్చోవడం ఏం మర్యాద అనుకునేది.

"ఛీ! నా చేతులతో నేనే డాక్టరమ్మ కళ్లు కప్పాను," అంది పైకే.

మర్నాడు బిళ్ల లేదు, కాపడం లేదు. హుక్కులు పెట్టబోయిన కూతుర్ని వద్దంది. మీద తువ్వాలు కప్పుకుని, పొద్దున్నే ఆసుపత్రి తలుపు తీసేసరికి వెళ్లి కూర్చుంది. డాక్టరమ్మ వేళ్ల మొదళ్లను వరసగా కలిపి నొక్కిందో లేదో, కాజాలక్క పెట్టిన కేకకు గుమాస్తా చేతిలో పెన్ను జారిపోయింది. ఆ పూటే కీళ్ల మీద స్కానింగ్ మిషను తిప్పి చూశారు. లోపల వాపు తెర మీద కనబడింది.

"కీళ్లవాతమేనమ్మా. కొందరికి రక్తంలో తేలదు. మందులు ఇవాళే మొదలుపెడదాం, వేళ్లు ఇంకా తిన్నగానే ఉన్నాయి. పొద్దున ఇలా ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పానండీ. మీరు కాగితం చూస్తున్నారు."

డాక్టరమ్మ మందులు రాయడంలో పడిపోయింది.

బయటికి రాగానే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. రోగం ఉందని తేలినందుకు సంతోషపడే గతి పట్టించారు కదా అని, ఆ సంతోషం మీదా అసహ్యం వేసింది.

కొట్లో విషయం చెప్పింది. బావగారు కత్తెర బల్ల మీద పెట్టాడు. మొహం నిండా జాలి పులుముకున్నాడు.

"అయ్యో, అంత పెద్ద జబ్బా! ముందే ఓ మాట చెప్పొచ్చు కదా అమ్మాయ్?"

భర్త మిషను ఆపాడు. ఆమె తువ్వాలు తీసేసి, పెట్టని జాకెట్టు హుక్కులతో వాళ్లిద్దరి ఎదుటా నిలబడింది.

"రోజూ చెబుతూనే ఉన్నాను బావగారూ," అంది.