ఖాళీ ఇంట్లో ఉపన్యాసం

ఆ రోజుల్లో నాకు ఎదుటివాళ్ల మూఢనమ్మకాలు కనిపించినంత స్పష్టంగా వాళ్ల విసుగు కనిపించేది కాదు. పరదేశంలో మేముండే ఎడారి ఊరు చాండ్లర్‌లో ఏ తెలుగువాళ్లింట్లో పుట్టినరోజు జరిగినా, కేకు ముక్క చేతిలో పడగానే రాహుకాలం మీద విరుచుకుపడేవాణ్ని. కాలేజీ చర్చావేదికల్లో కప్పులు గెలిచిన గొంతు మరి. నేను జాతకాలు ముగించి దెయ్యాల దగ్గరకు వచ్చేసరికి, కారు పక్కకు జరపాలంటూ ఒక్కొక్కరే లేచి వెళ్లేవారు. (అన్ని కార్లనూ ఒకేసారి జరపవలసిన అవసరం ఎందుకొస్తుందో ఆ వయసులో నాకు తట్టలేదు.)

అలాంటి నన్ను కంపెనీ ఒక వేసవంతా పోర్ట్‌లాండ్‌లో పనిచేయమని పంపింది. చాండ్లర్ ఎండల్లో ఇల్లు వదిలి వెళ్లడమంటే తాళం వేసి పోవడం కాదు. ఫ్రిజ్ ఖాళీ చేశాను, ఉత్తరాలు ఆపించాను, బాత్రూం జాలీల కింద గొట్టాల్లో నిలిచే నీళ్లు ఎండిపోయి బొద్దింకలు పైకి రాకుండా కాస్త నూనె పోశాను, ఇల్లు ఉడికిపోకుండా ఉండేంత మాత్రం ఏసీ పెట్టాను. మిగిలింది కరివేపాకు మొక్క. విత్తనం నుంచి ఏళ్ల తరబడి పెంచింది. ఎండకు భయపడి వంటింటి కిటికీ పక్కన కుండీలో ఉంచాను. వరుసగా కొన్నాళ్లు నీళ్లు తప్పితే దాని కథ ముగిసినట్టే.

అందుకని పక్క వీధిలోని అక్కకు తాళంచెవి ఇచ్చాను. అక్క అంటే రక్తసంబంధం కాదు, ఆవిడ వండే పప్పుతో కలిసిన వరస. వరంగల్ మనిషి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్ ఉద్యోగం.

"మొక్క సంగతి నేను చూస్త. నువ్వైతే మంగళవారం పోకు తమ్ముడూ. బియ్యం డబ్బా మొత్తం ఖాళీ చెయ్యకు. గుమ్మానికి ఒక బూడిద గుమ్మడికాయ కట్టు. ఖాళీ ఇల్లు, దిష్టి తగుల్తది."

"దిష్టికి గుమ్మడికాయైతే, దొంగలకు సొరకాయ కట్టనా అక్కా?"

"కట్టు. నీ నోటికి గూడ ఏమన్న కట్టుకో."

నేను పనిగట్టుకుని మంగళవారమే ఫ్లైట్ బుక్ చేశాను. బియ్యం డబ్బా ఆఖరి గింజదాకా దులిపాను. ఇక దొంగలకంటారా, శాస్త్రీయమైన ఏర్పాటే చేశాను. సాయంత్రం కాగానే హాల్లో దీపం దానంతటదే వెలుగుతుంది, పాత ల్యాప్‌టాప్‌లోంచి మూఢనమ్మకాల మీద నేను రికార్డు చేసిన ఉపన్యాసం స్పీకర్లలో మోగుతుంది. వాదన జరుగుతున్న ఇంట్లోకి ఎవరూ కావాలని అడుగుపెట్టరన్నది నా సిద్ధాంతం. (పుట్టినరోజు పార్టీల ఆధారాలన్నీ దాన్నే బలపరుస్తాయి.) భద్రతా రహస్యం బయటపెట్టకూడదు కాబట్టి అక్కకు కూడా చెప్పలేదు.

అక్క పొద్దున్నే వచ్చి నీళ్లు పోసి వెళ్లేది. ఒకసారి ఆఫీసు పనుల్లో పడి వరుసగా కొన్ని రోజులు రాలేకపోయింది. చివరికి ఒక సాయంత్రం వచ్చింది. కుండీ దగ్గరికి చేరిందో లేదో, హాల్లో దీపం వెలిగింది. వెంటనే నా గొంతు ఖంగుమంది: "చచ్చినవాడు తిరిగి రాడు! వస్తాడన్నవాళ్లు నా ముందుకు రండి! ఏం, నోరు పెగలదేం?"

చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి, అక్క కార్‌లో ఉంది. నాకు ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, నువ్వు బతికే ఉన్నవా?"

"ఉన్నానక్కా, అన్నం తింటున్నాను."

"వీడియో ఆన్ చెయ్. చెయ్యి ఊపు. ఇంకో చెయ్యి."

రెండు చేతులూ ఊపి, సంగతంతా చెప్పాను. "అది నా గొంతే అక్కా, రికార్డింగ్!"

"నీ గొంతని నాకెరుకే. అందుకే ఉరికిన. వేరేటోళ్లదైతే దొంగ అనుకొని పోలీసులకు కాల్ చేస్తుంటి."

"ఇప్పుడు తెలిసింది కదా. వెళ్లి నీళ్లు పొయ్యవా?"

"తెలిసింది. కాళ్లకు తెల్వాలె గద! గుమ్మడికాయ కడ్తేనే లోపలికి పోత. నీ ఇల్లు, నువ్వే చెప్పు. కట్టాల్నా, వద్దా?"

అక్కడ చాండ్లర్ కాలిపోతోంది. మొక్క ఆకులు అప్పటికే వేలాడుతున్నాయని తనే చెప్పింది. ఒకవైపు నా జీవితకాలపు వాదన, మరోవైపు ఒక కుండీ.

"కట్టు," అన్నాను.

"ఏమన్నవ్? వినపడలే."

"కట్టమన్నాను అక్కా!"

"ఆగు, స్పీకర్ల పెడ్త. మీ బావ గూడ వినాలె. మళ్ల చెప్పు."

ఎండలు తగ్గాక తిరిగొచ్చేసరికి గుమ్మానికి గుమ్మడికాయ వాడి వేలాడుతోంది, వంటింట్లో మొక్క కొత్త చిగుళ్లు వేసి కిటికీ సగం మూసేసింది. పరువు కొంతైనా దక్కించుకుందామని, "చూశావా, ఒక్క దొంగా రాలేదు. నా రికార్డింగ్ పనిచేసింది," అన్నాను.

"గుమ్మడికాయ గూడ ఉండె గద. రెండు మార్పులు ఒక్కసారే పెడితే ఏది పనిచేసిందో ఎట్ల తేలుస్తవ్? ఆఫీస్‌ల గిట్ల టెస్ట్ చేస్తే నన్ను ఇంటికి పంపిస్తరు."

 కప్పులు గెలిచిన గొంతును పక్కన పెట్టి, చెంబు తీసుకుని కుండీకి నీళ్లు పోయసాగాను.

"ఇంకోటి. భయం పోయినంక సాయంత్రాలే వచ్చి, కూసొని మొత్తం విన్న. జాతకాల మీద మంచిగనే చెప్పినవ్. దెయ్యాల కాడికొచ్చేసరికి ఒర్రుడు తప్ప కారణం చెప్పలే."

దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను, గుమ్మడికాయనూ నమ్మను. కాకపోతే ఇప్పుడు గొంతు తగ్గించి, కారణాలు చెబుతున్నాను. కార్లు జరపడానికి లేచేవాళ్లు ఇప్పటికీ లేస్తూనే ఉంటారు. అప్పుడు ఆ రోజుల్లో నేనైన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలి కూడా వేస్తుంది. అంత మాట్లాడిన వాడికి, చివరిదాకా విన్న శ్రోత ఒక్కరు దొరికారు. అదీ వాడు ఊళ్లో లేనప్పుడు.