కడిగిన చేతులు

సాగరు కాలవ తవ్వుతున్న రోజుల్లో మా అత్తగారు పోయారు. ఉన్నన్నాళ్లూ మా మరిదికి ఆమే అన్నం కలిపి పెట్టారు. అతనికి యాభై దాటినా బుద్ధి ఐదారేళ్ల పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. ఆమె తర్వాత అతన్ని చూసుకోవడం నావల్ల కాలేదు. ఇలాంటి పెద్దవాళ్ల కోసం నరసరావుపేటలో చర్చివాళ్లు ఒక పెంకుటింట్లో ఆశ్రమం నడుపుతున్నారని తెలిసి అక్కడ చేర్చాం. ఊళ్లో మాత్రం చుట్టాలింట్లో ఉన్నాడని చెప్పుకున్నాం.

మొదటిసారి చూడబోతే, పంచె మోకాళ్లపైకి ఎగ్గట్టి పేడ చేతులతో ఎదురొచ్చాడు. ఆ ఇంటికి ఒక పాడిగేదె ఉంది. మేత వేయడం, కడగడం, కొట్టం ఊడవడం అన్నీ అతనివేనట. మా ఇంట్లో ఇన్నేళ్లూ అరుగు మీద కూర్చోబెట్టి తినిపించడమే తప్ప ఏ పనీ చెప్పలేదు.

"వదినా, నేను పక్కన లేకపోతే గేదె పాలియ్యదు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

మా ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

"నా తమ్ముడు ఒకళ్ల గొడ్డు కింద పేడ ఎత్తేదేంది? ఊళ్లో తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాల?"

ఆ ఇల్లు చూసుకునే టీచరమ్మ నెమ్మదిగా నచ్చజెప్పబోయింది. పని దొరికాకే కడుపునిండా తింటున్నాడు, కంటినిండా నిద్రపోతున్నాడు అంది. ఆయన వినిపించుకోలేదు. తమ్ముడి వైపు వేలు చూపించి, ఇంకోసారి పేడ ముట్టుకుంటే ఊరుకోనని గట్టిగా చెప్పారు. నేను ఆయన్ని ఆపలేదు. నిజానికి నాకూ పరువే అడ్డొచ్చింది.

మిరప కోతలయ్యాక మళ్లీ వెళ్లాం. తెల్ల చొక్కా వేసుకుని వరండాలో నులకమంచం మీద కూర్చున్నాడు. సగమైపోయాడు. కొట్టంలో గేదె అరుస్తున్నా అటు తల తిప్పలేదు. మమ్మల్ని చూడగానే గబుక్కున లేచి రెండు చేతులూ చాపి, తిప్పి తిప్పి చూపించాడు.

"ముట్టుకోలేదన్నా. చూడు, కడుక్కున్నా."

పొద్దస్తమానం చేతులు కడుక్కుంటూనే ఉంటాడని టీచరమ్మ చెప్పింది. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నం పెట్టామని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నదాన్ని, ఆ చేతుల వంక చూడలేకపోయాను.

మా ఆయన అతని మణికట్టు పట్టుకున్నారు.

"దా, గేదె కాడికి పోదాం."

అతను మంచంకోడు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు, అన్నకు కోపమొస్తది," అన్నాడు, అన్న మొహంలోకే చూస్తూ.