నీలంగానే ఉండాలి

డెబ్భైల మొదట్లో గోదావరిఖని బజారులో ఒక డాక్టరు గారి దగ్గర నేను పరీక్షలు చేసేదాన్ని. మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న పని. ల్యాబ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పరదా వెనక ఒక బల్ల, స్పిరిట్ దీపం, నాలుగు గాజు గొట్టాలు, నా కోపం. అంతే.

కంపెనీ మెడికల్ పరీక్ష దగ్గర పడిందంటే బొగ్గు బాయి పనివాళ్లు ముందుగా చాటుమాటుగా మా దగ్గరికి వచ్చేవారు. అక్కడ జబ్బు బయటపడితే అన్‌ఫిట్ రాస్తారని భయం. ఇక్కడే తెలిస్తే మందో మాకో చూసుకోవచ్చని ఆశ. మూత్రం ఇంటి దగ్గరే సీసాలో పట్టి తెచ్చేవారు. నీలం మందులో కొన్ని చుక్కలు వేసి కాస్తాను. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే ఉన్నట్టు. ఫలితం చీటీ మీద రాసి, మడిచి డాక్టరు గారికి ఇవ్వాలి. నేను నోరు విప్పకూడదు. విప్పకపోయినా బెంచీ మీద వాళ్లు నా ముఖం చదివేసేవారు. అందుకే ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండేదాన్ని. వెనక నన్ను కారంపొడి అనుకునేవారట.

మా బాపు నలభై దాటాక అక్షరాలు దిద్దుకుని సర్దారు పరీక్ష పాసయ్యాడు. ఇన్నేళ్లు బొగ్గు నింపిన మనిషి, మెడికల్‌లో ఫిట్ అయితే ఒక జట్టుకు పెద్ద అవుతాడు. ఇంటిల్లిపాదీ దానికోసమే ఎదురుచూస్తున్నాం. ఒకరోజు షిఫ్టు దిగి నేరుగా సీసా పట్టుకొచ్చాడు.

కాచాను. నీలం పచ్చబడింది, పసుపైంది, ఇటుక రంగుకు తిరిగింది. మళ్లీ కాచాను. మళ్లీ అదే. రాయకపోతే ఏమవుతుందని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు? కానీ రాశాను.

ఇంటికొచ్చాక బాపు చాయ్ ముట్టలేదు.

"చక్కెర ఉన్నదన్నంక చాయ్ ఎట్ల తాగుత?"

డ్యూటీ సంచి దులుపుతున్న అమ్మ ఆగింది. "నీ సీసా ఏది?"

"దవాఖాన్ల ఇచ్చిన."

"బెల్లం నీళ్ల సీసాలనే పట్టినవా?"

బొగ్గు దుమ్ము లోపల నిలవకుండా చేస్తుందని బాపు రోజూ బాయిలోకి బెల్లం నీళ్లు తీసుకుపోయేవాడు. "కడిగిన గదనే, రెండుసార్లు గిలకరిచ్చిన" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సర్దారు పరీక్ష పాసైనవ్, సీసా కడుగ రాదా బాపూ?" అని అరిచాను.

మర్నాడు నేనే ఒక సీసాను నీళ్లలో మరిగించి ఇచ్చి, మా దగ్గరే పట్టించాను. నీలం నీలంగానే ఉంది. పరదా వెనక ఏడ్చి, నవ్వుకుంటూ బయటికి వచ్చాను. నా నవ్వు చూసి బెంచీ మీద వాళ్లు హడలిపోయారు.

బాపు మాత్రం నవ్వలేదు. "మరి కాక సంగతేంది బిడ్డా? ఆయిన గూడ అప్పుడు బెల్లం నీళ్లే తీస్కపోతుండె."

కాక అంటే మా పక్కింటాయన. ఏడాది కింద ఆయనకు ఇటుక రంగని రాసింది నేనే. అప్పటినుంచి తీపి మానేశాడు. కూతురి పెళ్లిలో లడ్డు కూడా నోట్లో పెట్టుకోలేదు. పథ్యమంటే ఇట్లుండాలె అని నలుగురిలో మెచ్చుకున్నాను కూడా, నా మొహానికి.

కాకను పిలిపించాం. మరిగించిన సీసా, కొత్త గొట్టం. నీలమే. అప్పుడు ఏ సీసాలో తెచ్చాడో అడిగి, జబ్బు అసలు లేదని డాక్టరు గారే ఆయనకు చెప్పారు, ఇకమీదట సీసాలు మనమే ఇద్దామని నాతోనూ అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను. (బాపు ఆ తర్వాతి వారం ఫిట్ అయ్యాడు లెండి.)

కాక ఆ గొట్టాన్ని చాలాసేపు చూశాడు. "నువ్వేం జేస్తవు బిడ్డా, సీసా నాదే గద" అన్నాడు. తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి, "అయితె ఇయ్యాల మిఠాయి తినొచ్చా సారూ?" అని అడిగాడు.

బజారుకు పోయి కాగితంలో లడ్డూలు కట్టించుకొచ్చాడు. మా బెంచీ మీదే కూర్చుని, కళ్లు మూసుకుని, ఒకటి మెల్లగా తిన్నాడు.

"మా బిడ్డ పెండ్లిల లడ్డు గూడ గిట్లనే ఉండెనా? నువ్వు తిన్నవ్ గద" అన్నాడు.

ఆ పెళ్లిలో నేను రెండు తిన్నాను.

"గంత మంచిగ లేకుండె కాకా" అన్నాను.