మావ ఈల

డెబ్బైల్లో చోడవరం టాకీసు నేలక్లాసులో, హీరో ఒంటరిగా పదిమందిని చితగ్గొడుతుంటే మా పక్కపొలం మావ నోట్లో రెండు వేళ్లు పెట్టి హాలు అదిరేలా ఈల వేసేవాడు. "సూసేవేటిరా! పదిమందికీ ఒక్కడే!" అంటూ నా వీపు చరిచేవాడు.

మా బెల్లం కొనే షావుకారు కాటాలో మోసం చేస్తున్నాడని మాకందరికీ తెలుసు. అడిగింది మావ ఒక్కడే. షావుకారు మనుషులు మీదపడి కొట్టారు. వాళ్లు నలుగురే. బళ్లు తోలుకొచ్చిన మేం పదిహేనుమందిమి, ఎడ్ల పగ్గాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

నెల తిరక్కుండా కొత్త సినిమా వచ్చింది. హీరో చెయ్యెత్తగానే మేమంతా ఈలలు వేశాం.

"ఏటి మావా, నువ్వెయ్యవా?" అన్నాను.

ముందుపళ్లు రాలిన నోటితో నవ్వాడు.

"మీరెయ్యండ్రా. మీ పళ్లు మీకున్నాయి కదా."