ఏడు గంటల అబద్ధం

లిఫ్టు మెకానిక్‌గా ఇరవై ఆరేళ్లు చేసినా ఆయన సంతకాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. ప్రతి లిఫ్టులోనూ గోడకి ఒక తనిఖీ షీటు అంటించి ఉంటుంది. కింద గుంతలోకి దిగి, పైన మోటారు గదికి ఎక్కి, ఇనప తాళ్లని చేత్తో తడిమి చూశాక గానీ ఆయన దాని మీద పెన్ను పెట్టడు. ఒకసారి తోటి మెకానిక్ గుంతలోకి దిగకుండానే సంతకం పెట్టేస్తే, "రేపు ఇందులో మీ అమ్మ ఎక్కుతుందనుకో, ఇలాగే పెడతావా?" అని అడిగాడు. ఆ మెకానిక్ రెండు రోజులు ఈయన ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాడు.

అలాంటి మనిషి అయిదు నెలల పాటు, సాయంత్రం ఏడు కొట్టేసరికి, తోడబుట్టిన చెల్లెలికి అబద్ధం చెప్పాడు.

చెల్లెలు ఆయనకన్నా ఆరేళ్లు చిన్నది. పుస్తకాలు బైండు చేసే ప్రెస్సులో పనిచేసేది. ఒక మధ్యాహ్నం ఎడమ చెయ్యి యంత్రం కింద పడి నలిగింది. చెయ్యి దక్కింది గానీ ఉంగరం వేలూ చిటికెన వేలూ కర్రల్లా బిగుసుకుపోయాయి. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. ఆమె వారం పిసికి, దాన్ని బీరువా మీదికి విసిరేసింది.

"పిచ్చిదానిలా కూర్చుని ఎన్నాళ్లని పిసకనన్నయ్యా? వంగితే వంగుతాయి, లేకపోతే లేదు" అంది.

పెళ్లికి ముందు ఆమె భర్త కొన్నాళ్లు వాయించి వదిలేసిన గిటారు ఇంట్లో పడి ఉంది. తీగలు నొక్కాల్సింది ఎడమ చేత్తోనే కదా, దాని మీద ప్రయత్నించండి అని ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు చేయించే ఆవిడ సలహా ఇచ్చింది. చెల్లెలు ససేమిరా అంది. ఈ వయసులో, ఈ చేత్తో వాయిస్తే చూసినవాళ్లు నవ్వుతారంది.

"నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతార్లే. నేనూ నేర్చుకుంటాను" అన్నాడు అన్నయ్య, ముందూ వెనకా చూసుకోకుండా.

అన్న మాట ప్రకారం ఆ వారమే గిటారు తెచ్చుకున్నాడు. ఒప్పందం చిన్నదే. ఇద్దరూ ఒకే మాస్టారి పాఠాలు ఫోన్లో చూడాలి. ఆరూ నలభైకి ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఇరవై నిమిషాలు సాధన చెయ్యాలి. ఏడింటికి "అయింది" అని ఒక్క మాట పంపుకోవాలి.

మొదటి మూడు వారాలు నిజంగానే చేశాడు. తీగలు వేలికొసల్ని కోసేవి. మూడు వేళ్లతో మూడు తీగలు ఒకేసారి నొక్కి ఉంచడాన్ని మాస్టారు "పట్టు" అనేవాడు. ఒక పట్టు వదిలి ఇంకో పట్టుకి మారడమే అసలు కష్టం. చీకట్లో తడిమి నట్లు బిగించే వేళ్లు ఇక్కడ చెప్పిన మాట వినేవి కావు.

నాలుగో వారంలో ఒక ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. దాన్ని బాగుచేసి ఇంటికి బయల్దేరాడు. బస్సులో నిలబడి ఉండగా చెల్లెలి "అయింది" వచ్చింది. తను పంపకపోతే అదీ రేపట్నుంచి మానేస్తుందేమో అనిపించింది. "అయింది" అని కొట్టాడు. దాని మంచికే కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ రోజుకి అది నిజమే కావచ్చు. మర్నాడు మాత్రం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఒళ్లు బద్ధకించింది, అంతే.

ఆ తర్వాత అలవాటైపోయింది. క్షౌరశాల కుర్చీలో మెడకి గుడ్డ కట్టించుకుని పంపాడు. మోటారు గదిలో గ్రీజు చేతుల్తో పంపాడు. ఒకరోజు ఆరున్నరకే పంపేసి నాలుక కరుచుకున్నాడు. మళ్లీ మొదలుపెడదామని రెండు మూడుసార్లు గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు గానీ, తీసుకున్నప్పుడల్లా ఈపాటికి ఎంత వచ్చి ఉండాలో, ఎంత వచ్చిందో తెలిసిపోయేది. ఆ సిగ్గుతో దాన్ని తలుపు వెనక్కి నెట్టేసేవాడు. అక్కడ దాని దుమ్ము దులిపేది భార్యే.

"మీకంటే నేనే దీన్ని ఎక్కువ ముట్టుకుంటున్నాను. నాకే వచ్చేస్తుందేమో" అంది ఆవిడ ఒకసారి.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "తనకి చెప్పెయ్యకూడదూ?"

"చెప్తాలే. ఈ నెల గడవనీ."

ఆరో నెలలో ఒక గురువారం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. గిటారు కూడా తెస్తున్నా. నాకు నాలుగు పట్లు మార్చడం వచ్చేసింది. ఆ మూడో పాఠంలో పాట కలిసి వాయిద్దాం. నీకెప్పుడో వచ్చేసుంటుందిలే."

ఆయన తలుపు వెనకనుంచి గిటారు తీశాడు. మూడు రోజులు, పరీక్ష ముందు పుస్తకం తెరిచిన పిల్లాడిలా కూర్చున్నాడు. వేలికొసలు పొక్కులు తేలాయి.

ఆదివారం ముందు గదిలో చెల్లెలే మొదలుపెట్టింది. చిటికెన వేలు ఇంకా వంకరగానే ఉంది. ఉంగరం వేలు తీగ మీదికి దిగడానికి ఒక క్షణం ఆలస్యం చేస్తోంది, కానీ దిగుతోంది. దిగిన ప్రతిసారీ ఆమె పెదవి బిగబట్టేది. పాట మెల్లగా, ఎక్కడా తెగకుండా నడిచింది. ఆయన తన భార్యా, చెల్లెలి భర్తా కూర్చున్న వైపు చూడలేకపోయాడు. మొదటి పట్టు పట్టుకున్నాడు. రెండోదానికి వేళ్లు దారి తప్పాయి. తీగ బర్రుమంది. మళ్లీ మొదటికి వచ్చాడు. మళ్లీ బర్రుమంది. చెమటలు పట్టాయి.

చెల్లెలు వాయించడం ఆపి, ఆయన ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పొక్కుల్ని చూసింది. ఆమె వేలికొసలు కాయలు కాసి గట్టిగా ఉన్నాయి. ఆయన చేతి మీద పొక్కులు ఇంకా నీరు పట్టి మెత్తగానే ఉన్నాయి. ఆమె తల ఎత్తలేదు.

"ఈ వారం అన్నయ్యకి పని ఎక్కువైనట్టుంది. చెయ్యి బాగా అలిసిపోయింది" అని భర్తతో అంది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా భరించేవాడు. తన అబద్ధాన్ని కాపాడటానికి చెల్లెలు కూడా అబద్ధమాడాల్సి వచ్చింది.

బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్లాడు. భర్త రెండడుగులు ముందు నడుస్తుంటే చెల్లెలు గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని రోజులు చేశావు?"

"నెల కూడా నిండలేదు."

"జ్వరం వచ్చిన రోజు కూడా చేశానన్నయ్యా. నువ్వు పంపావని. పనిలో నలిగిపోయి వచ్చి అన్నయ్యే చేస్తుంటే నాకేంటి రోగం అనుకున్నా."

బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కారు.

ఆ తర్వాత ఏడింటికి ఫోన్ మోగలేదు. తన వల్ల అది సాధన మానేసిందేమో అన్న భయం ఒకవైపు, అడిగే మొహం లేకపోవడం ఒకవైపు. పనిలో షీటు మీద సంతకం పెట్టబోయి, చూసిన తాళ్లనే మళ్లీ చూసి వచ్చేవాడు. పదకొండో రోజున ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"మానేశావా?"

"నాలుగు రోజులు మానేశా. అయిదో రోజు పొద్దున్న కప్పు పట్టుకోబోతే వేలు మళ్లీ మొరాయించింది. భయమేసి మొదలుపెట్టా. ఇప్పుడు నీ కోసం కాదు, నా వేళ్ల కోసం."

"నాకు మళ్లీ నేర్పుతావా? మొదట్నుంచీ. పంపడాలు వద్దు. ఫోన్ పక్కన పెట్టి వాయిస్తాను, నువ్వు విను. ఎంత చెత్తగా ఉన్నా విను."

"ఇరవై నిమిషాలు నీ వల్ల కాదు. అయిదు నిమిషాలు చెయ్యి. అయిదు దాటితే నేనే ఫోన్ పెట్టేస్తా" అంది చెల్లెలు.

అలా యాభై ఏళ్ల మనిషి, ఫోన్ అవతల చెల్లెలు "మధ్య వేలు జరుపు, ఇంకా జరుపు" అంటుంటే, ఒకటో పాఠం దగ్గర కూర్చున్నాడు. కొన్ని రోజులు అయిదు నిమిషాలూ ఒక యుగంలా గడిచేవి. కొన్ని రోజులు ఆమే మర్చిపోయి పదిహేను నిమిషాలు వినేది. ఇదివరకటిలా కబుర్లు కలవడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.

ఏడాది తిరిగాక ఆమె ప్రెస్సులో తిరిగి చేరింది, యంత్రం మీద కాకుండా కుట్టు బల్ల దగ్గర. మొదటి రోజు సాయంత్రం తోటివాళ్లు టీ ఇచ్చి ఆమె చేత గిటారు వాయింపించారు. అన్నయ్యనీ పిలిచారు. భర్త ఆయన భుజం మీద చెయ్యి వేసి అందరితో, "ఈయనే లేకపోతే మా ఆవిడ ఆ వేళ్లని ఎప్పుడో వదిలేసేది" అన్నాడు. అందరూ ఆయన వైపు మెచ్చుకోలుగా చూశారు.

ఆయన చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే గడిచిపోయేదే.

"అది నిజం కాదు బావగారూ. నేను అయిదు నెలలు వాయించకుండానే వాయించానని చెప్పాను. చేసిందంతా తనే" అన్నాడు.

కుట్టు బల్ల దగ్గరి ఒక పెద్దావిడ, "మరి ఇప్పుడు చేస్తున్నారా?" అని అడిగింది.

"చేస్తున్నానండీ. నిన్న మాత్రం చెయ్యలేదు."

చెల్లెలు గిటారు పక్కన పెట్టి, ఒక టీ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది.