అద్దెకున్నాయన

మొన్న మా పై పోర్షను చూసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భుజాన గిటారు సంచి. గదులన్నీ తిరిగి, పంపులు తిప్పి చూసి, "ఓనరాంటీ, సాయంత్రాలు కొంచెం ప్రాక్టీస్ చేసుకుంటా, మీకేం ప్రాబ్లం లేదు కదా?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది పాపం. నాకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గిటారు, ఓనరు అనే రెండు మాటలూ ఒకేసారి వింటే నేను తట్టుకోలేను. ఎందుకో చెప్పాలంటే మా అన్నయ్య సంగతి చెప్పాలి, నా సంగతీ చెప్పాలి. మొదటిది సంతోషంగా చెబుతాను.

నాన్న రైల్వేలో గుమాస్తా. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి చిలకలగూడలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. అన్నయ్య గిటారు పట్టింది చర్చిలోనే, క్రిస్మస్ క్యారల్స్ కోసం. ఆ తర్వాత అది మెడలోంచి దిగలేదు. మొదట రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళతో ఒక రాక్ బ్యాండు పెట్టాడు. పాడేవాడు దుబాయ్ వెళ్ళిపోయాడు. తర్వాత ఒక హోటలు బారులో శని, ఆదివారాలు వాయించే బ్యాండులో చేరాడు. డ్రమ్మరు పెళ్ళితో అది ఆగిపోయింది; ఆ పెళ్ళిలో వాయించిందే ఆఖరుసారి. ఆ తర్వాత మరొకటి, ఇంకొకటి. ప్రతిదానికీ మాకెవరికీ అర్థంకాని ఇంగ్లీషు పేరు. "ఇదన్నా నిలుస్తుందా నాయనా?" అని అమ్మ అడిగితే "ఈసారి పక్కా అమ్మా" అనేవాడు. జుట్టు మెడ దాటింది. ముందు గదిలో ఆంప్లిఫయర్ పెట్టి వాయిస్తుంటే వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. అమ్మ వాటి మీద తడిగుడ్డ కప్పేదే తప్ప ఆపమని అనేది కాదు. తీగను లాగి వదిలాడంటే చేతిలో పని ఆపి వినాల్సిందే, అంత బాగా వాయించేవాడు.

నాన్న చనిపోయిన ఏడాది నాకు ఒక మిషన్ స్కూల్లో టెంపరరీ టీచరు ఉద్యోగం దొరికింది. ఇల్లు దాని మీదే నడవాలి. హెడ్మిస్ట్రెస్ గారికి ఒక పద్ధతి ఉండేది. ఎవరినైనా పర్మనెంట్ చేసే ముందు స్వయంగా వాళ్ళింటికి వచ్చి, టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళేవారు. ప్రార్థన దేవుడికే గానీ, కళ్ళు మాత్రం ఇంటి నాలుగు మూలలూ చూసేవి. అంతకు ముందు ఒకావిడ తమ్ముడు బారులో పనిచేస్తాడని తెలిసి ఆవిడ పర్మనెంట్ ఆర్డరు ఆపేశారు. మా ఇంటికి వచ్చిన శనివారం అన్నయ్య ప్రాక్టీసుకు వెళ్ళాడనే ధీమాతో ఉన్నాను. లోపలి గదిలో ఆమె కళ్ళు మూసుకుని, నాన్న లేని మా కుటుంబం కోసం ప్రార్థిస్తుండగా ముందు గదిలోంచి గిటారు ఒక్కసారిగా గర్జించింది. అన్నయ్య వీధి తలుపు తీసుకుని ఎప్పుడొచ్చాడో! ఆమె కళ్ళు తెరిచి "ఎవరమ్మా అది?" అన్నారు.

"అద్దెకున్నాయనండీ" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అయినా అన్నాను. గిటారు ఆగిపోయింది. అన్నయ్య గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యండి మేడం. ఈ ఓనరమ్మగారు ఎన్నిసార్లు చెప్పినా నాకే బుద్ధి లేదు" అన్నాడు, అమ్మ వంక చూపిస్తూ. కన్నతల్లిని! అన్నయ్య వెళ్ళాక ఆమె "పెళ్ళికావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటివాళ్ళకు గది ఎలా ఇచ్చారమ్మా? ముందు ఖాళీ చేయించండి" అన్నారు. అమ్మ టీ కప్పులు తీస్తూ "అలాగేనండి" అంది. అది నాకోసమే అంది.

వారం తిరక్కుండా అన్నయ్య నిజంగానే ఖాళీ చేశాడు. నేను ఏడుస్తుంటే నవ్వాడు. "ఏడుస్తవేందే? రెజిమెంటల్ బజార్ల రూం దొరికింది. ఎంత లౌడ్ పెట్టినా అడిగేటోడు లేడు. నీ ఆర్డర్ రానీ, పార్టీ ఇద్దువు" అన్నాడు. ఆర్డరు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు భోజనానికి వచ్చేవాడు, పెరటి గుమ్మంలోంచి. అలా రమ్మన్నది నేనే. వీధిలో మా స్కూలు వాళ్ళున్నారు. ఒకసారి కొత్త బ్యాండు కుర్రాడు స్కూటరు మీద దింపుతూ "ఎవరిల్లన్నా ఇది?" అంటే, "నా పాత ఓనర్లది రా, మస్తు మంచోళ్ళు" అని చెప్పాడు. నేను కిటికీ వెనకే ఉన్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు, గిటారూ మానలేదు. రాష్ట్రం విడిపోవడానికి కొద్దిగా ముందు, జ్వరమని ఆస్పత్రిలో చేరి వారానికే పోయాడు. ఆఖరి బ్యాండు వాళ్ళు గోవాలో ప్రోగ్రాంలో ఉన్నారు. అమ్మ అప్పటికే లేదు. నేనూ, పాస్టరుగారూ, చర్చివాళ్ళు నలుగురూ కలిసి సమాధి చేశాం. వాళ్ళు తిరిగొచ్చాక నెల రోజులకు సైనిక్‌పురిలో ఒక హాలు తీసుకుని సంస్మరణ సభ పెట్టారు. పాత స్నేహితులెవరూ లేరు. అందరూ అన్నయ్య వయసులో సగం వాళ్ళు. ఆ ఆఖరి బ్యాండు డ్రమ్మరు మైకు పట్టుకుని "అన్నకు ఎవ్వరు లేకుండె. ఎన్నడో కిరాయికున్న ఇంటి ఓనరమ్మ దవాఖానల చూసుకున్నది, మట్టి చేసుడు సుత ఆమెనే చూసుకున్నది. సొంత చెల్లె సుత గింత చెయ్యదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నన్ను స్టేజీ మీదికి పిలిచారు. అప్పటికి నేను అదే స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయి రెండేళ్ళు. ఉద్యోగం తీసేసేవాళ్ళెవరూ లేరు. మైకు నోటి దగ్గర పెట్టుకుని "అద్దెకున్నన్నాళ్ళూ మాకే ఇబ్బందీ పెట్టలేదు. చాలా మంచి మనిషి" అని చెప్పి దిగివచ్చాను.

పర్మనెంట్ అయ్యాక చెబుదామనుకున్నాను, తర్వాత ప్రమోషన్ వచ్చాక, తర్వాత రిటైరయ్యాక. ఇతను మా అన్నయ్య అని నలుగురిలో చెప్పడానికి మంచి సమయం ఎప్పుడూ ఇంకా రావాల్సి ఉందనే అనిపించేది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య బతికున్న ప్రతి ఆదివారమూ ఆ సమయమే.